నాలుగో ఫ్లాస్కు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులల్ల ఎల్బీనగర్‌ల బస్సు లేదు, బడి లేదు, ఆఫీసు లేదు, సగం పొద్దు కరెంటు లేదు. సమ్మె చెయ్యనియి ఒక్క మా ల్యాబుల కణాలే. వాటికి టైముకు తిండి వెట్టాలె, మన ఒంట్ల ఎంత వేడి ఉంటదో గంత వేడిల ఉంచాలె, లేకుంటె సస్తయి. తెలంగాణ రావాలని నాకూ ఉండె, చానా మందికంటె ఎక్కువనే ఉండె. గని కణాలకు ఆ సంగతి ఎట్ల సమజ్ చేయిస్తం?

నేనప్పుడు ఒక చిన్న కంపెనీ ల్యాబుల టెక్నీషియన్ని. చౌరస్తా వెనుక గల్లీల మూడంతస్తుల ఇల్లు, పై అంతస్తు కిరాయికి తీసుకొని పెట్టిన ల్యాబు. ఉన్నది ఇద్దరమే. మేడం, నేను. కంపెనీ మేడందే. ఆమెది కోస్తా. ఉండుడు దిల్‌సుఖ్‌నగర్‌ల. చదువు పెద్దది, మనిషి సన్నగ, గొంతు ఇంక సన్నగ. నా గొంతు ఆమెకు రెండింతలు. "నువ్వు మాట్లాడితే కణాలు కూడా ఉలిక్కిపడతాయమ్మా" అని నవ్వేది.

మేం చేసే పని ఏందని బస్తీల అడిగితె నేను గిట్ల చెప్తుంటి. మన బొక్కల్ల మూలుగ ఉంటది గదా, అండ్ల మూలకణాలని కొన్ని ఉంటయి. ఒంట్ల ఎక్కడన్న గాయమైతె అవి ఎవ్వరు పిలువకున్న అక్కడికి పోతయి, బాగు చేస్తందుకు. క్యాన్సర్ గడ్డ గూడ ఒంటికి మానని పుండు లెక్కనే కొడ్తది, గందుకె దాన్ని గూడ ఎతుక్కుంట పోతయి. మేం ఆ పోయే కణంల ఒక జీన్ పెట్టి పంపుతం. అటెన్క ఒక మందు ఇస్తం. ఆ మందు ఒళ్లంత తిరిగినా ఎవ్వరినీ ఏమనది. గడ్డ కాడ కూసున్న మన కణానికి దొరికినప్పుడే ఆ జీన్ దాన్ని విషం చేస్తది. సచ్చేది గడ్డ. జుట్టు ఊడుడు, నోట్ల పుండ్లు, కక్కుడు ఏముండయి. ఉండొద్దని మా ఆశ, ఇంక ఎలుకల కాడనే ఉన్నం.

ఈ ముచ్చట మా నాయిన నాతోని ఎన్నిసార్లు చెప్పించుకున్నడో లెక్క లేదు. అన్నం తినుకుంట అడిగేటోడు, "గడ్డ ఏడున్నదో వాటికెట్ల ఎరుకైతది బిడ్డా?" అని. నేను మళ్ల మొదటికెల్లి చెప్తుంటి. మాది పోచంపల్లి దిక్కు, మగ్గం నేసే ఇల్లు. నేత గిట్టక నాయిన మమ్ముల తీసుకొని మీర్‌పేట్‌కు వచ్చిండు, దిల్‌సుఖ్‌నగర్‌ల చీరెల దుకాణంల పనికి కుదిరిండు. మా అమ్మ రొమ్ముల గడ్డతోని పోయింది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. ఎవరో చెప్పిండ్రని నాయిన నాలుగు నెలలు ఆకు పసరు కట్టించిండు. ఆఖరికి పెద్ద దవాఖానకు తీస్కపోతె డాక్టరమ్మ, "జర ముందొస్తే బాగుండె" అన్నది. గంతే అన్నది. ఆ మాట మా ఇంట్ల మళ్ల ఎవ్వరం ఎత్తలే. నేను ఈ పనిల చేరింది ఎందుకో నాయినకు ఎరుకే, నాకూ ఎరుకే.

సమ్మె మొదలైన కొన్ని రోజులకు మాకు మొదటి దెబ్బ తగిలింది. కణాలను మంచు లెక్క సల్లగ చేసి దాచిపెట్టేది లిక్విడ్ నైట్రోజన్ క్యానుల. అది ఆవిరైపోతుంటది, వారం వారం నింపాలె. నింపే బండి రాలే. ఫోన్ చేస్తె, "అమ్మా, రోడ్డు మీద లారీలు ఆపుతున్నరు, అద్దాలు పగులగొడ్తె ఎవడియ్యాలె?" అన్నరు. క్యాన్ల కట్టె పెట్టి చూస్తె అడుగుల రెండు వేళ్ల మందం మిగిలింది. మేడం ఫోన్ల ఏడ్సినంత పని చేసింది. ఉన్నయాటిల మంచియి రెండు వయల్స్, చిటికెన వేలంత సీసాలు, బయటికి తీసి బతికించుమన్నది. ఒకటి బతికింది, ఒకటి బతకలే. బతికినదాన్నే పెంచి నాలుగు ఫ్లాస్కులకు, అంటె కణాలు పెంచే సీసాలకు, పంచిన. మిగిలినయన్ని క్యాన్లనే కరిగి ఖరాబైనయి.

ఇగ చూడుండ్రి. రెండేండ్ల పని, ఆ జీన్ ఎక్కిన కణాలు, లోకంల ఎక్కడ లేనియి, మా ఇంక్యుబేటర్ల, అంటె ఒంటి వేడి నిలిపే డబ్బాల, ఆ నాలుగు ఫ్లాస్కులల్ల ఉన్నయి. ఉప్పల్ దిక్కు ఒక పెద్ద ల్యాబుల ఎలుకలు తయారుగ ఉన్నయి, వాటికి గడ్డలు పెరుగుతున్నయి. ఇంక పది పన్నెండు రోజులల్ల కణాలు వాటికి ఎక్కియ్యాలె. ఆలస్యమైతె ఎలుకలు సస్తయి. కణాలు పోతె పనే సస్తది. పైసలిచ్చేటోళ్లు ఇదే ఆఖరుసారి అని చెప్పేసిండ్రు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు కరెంటు కోత ఒకటి. సింగరేణిల గూడ సమ్మె గదా, బొగ్గు లేదు. జనరేటర్ ఉంది గని డీజిల్ దొరుకది.

మేడం రాకపోతుండె. రోజుకొక తాన రాస్తా రోకో, ఆమెకు భయం. నేను మీర్‌పేట్ నుంచి నడుసుకుంట వస్తుంటి, కొన్ని రోజులైతె ఇంటికి పోకుండ ల్యాబులనే చాప పరుసుకొని పంటుంటి. పొద్దున లేవంగనె మైక్రోస్కోపు కింద చూసుడు. కణాలు బతికున్నప్పుడు ఫ్లాస్కు అడుగుకు అతుక్కొని, సాగి, ఒకదాని పక్కకొకటి పండుకొని ఉంటయి. సచ్చేటియి గుండ్రమై పైకి తేలుతయి. రోజూ అవి పండుకొనే ఉండాలని దేవునికి మొక్కుతుంటి.

గట్లనె దసరా వచ్చింది. ఆ రోజు గూడ నేను ఇంటికి పోలే. తెల్లారి పొద్దుగాల కింద గేటు కాడ నాయిన. ఒక చేతుల టిఫిన్ గిన్నెలు, ఇంకో చేతుల ఐదు లీటర్ల డీజిల్ క్యాను. మీర్‌పేట్ నుంచి గా బరువు మోసుకుంట నడిసొచ్చిండు. చెమటతోని అంగీ ఈపుకు అతికింది. ల్యాబుల బయటోళ్లను రానియ్యొద్దని రూలు. రూలు పెట్టిన మేడం రాలే, డీజిల్ తెచ్చిన మనిషిని గేటు కాడ నిలవెడ్తమా? చెప్పులు ఇడిపిచ్చి పైకి తీస్కపోయిన.

మటన్, గారెలు తిని చెయ్యి కడుక్కున్న. నాయిన కూసోలే. ఇంక్యుబేటర్ ముంగట నిలవడి, "గిండ్లనేనా?" అన్నడు. గిండ్లనే అన్న. "చూపియ్యవా?" అన్నడు. ఒక ఫ్లాస్కు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూపిచ్చిన. ఒక కన్ను మూసుకొని, నోరు తెరుసుకొని చానా సేపు చూసిండు. తల ఎత్తినప్పుడు కండ్లల్ల నీళ్లున్నయి. "మంచిగ కావాలె బిడ్డా, వీటికి మంచిగ కావాలె" అన్నడు. జేబుల నుంచి జమ్మి ఆకు తీసి నా చేతుల పెట్టిండు. దసరా నాడు జమ్మి తెచ్చి బంగారమని ఒకలకొకలు ఇచ్చుకునుడు మా దిక్కు ఎప్పటి సందో ఉన్నదే. ఆయన కాళ్లు మొక్కి, మొహం కడుక్కోను బాత్రూంలకు పోయిన. వచ్చేటాళ్లకు గిన్నెలు సంచిల పెట్టుకొని పోతందుకు తయారుగున్నడు.

మూడో రోజు పొద్దుగాల ఫ్లాస్కు ఎత్తి వెలుతురుకు పట్టి చూసిన. గులాబి రంగు నీళ్లల్ల తెల్లటి దూది పింజ అసుంటిది తేలుతుంది. రెండో ఫ్లాస్కుల గూడ అదే. మూడోదాంట్ల ఇంక ఎక్కువ. అది బూజు. కణాలకు బూజు వడితె ఇగ మందు లేదు, బ్లీచ్ పోసి పారవోసుడే. పై అరల ఉన్న నాలుగో ఫ్లాస్కు తీసి చూసిన. నీళ్లు తేటగ ఉన్నయి. మైక్రోస్కోపు కింద పెట్టిన, అడుగుకు అతుక్కొని పండుకొనే ఉన్నయి. దానిది ఫిల్టర్ మూత. గాలి పోతది గని బూజు పోదు. కొత్త ఫ్లాస్కులు రాక గసుంటి మూత అదొక్కటే మిగిలి ఉండె. తతిమ్మ మూడిటికి గాలి కోసమని మూతలు ఒదులు చేసి పెడుతుంటిమి.

బూజు ఎక్కడికెల్లి వచ్చిందని వెతికిన. ఇంక్యుబేటర్ అడుగుల తేమ కోసమని ఒక నీళ్ల పళ్లెం ఉంటది. బయటికి గుంజి చూస్తె నీళ్లు పచ్చగ ఉన్నయి. నడుమ నాలుగు జమ్మి రెమ్మలు, వాటి మీద తెల్లటి నూగు.

మాకు మగ్గం ఉన్న రోజులల్ల నాయిన దసరాకు మొదలు మగ్గానికి బంగారం పెట్టేటోడు, తర్వాతనే మనుషులకు. అన్నం పెట్టే దానికి పెట్టినంకనే మనిషికి అనేటోడు. ఈ సంగతి నాకు ఎరుకై ఉండి, ఆయన్ను ఆ డబ్బా ముంగట ఒక్కన్ని ఇడిసిపెట్టి పోయిన. తప్పు నాది. గని అప్పుడు గట్ల తోచలే. ఫోన్ చేసిన.

"నాయినా, మొన్న నా డబ్బాల ఏమన్న పెట్టినవా?"

"అవ్ బిడ్డా, బంగారం పెట్టిన. కింద నీళ్ల పళ్లెం కలశం లెక్క కొట్టింది. ఇంత పసుపేసి, ఆకు పెట్టి మొక్కిన. ఏమైంది, మంచిగ పెరుగుతున్నయా?"

గొంతుల సంబురం. ఆ సంబురానికే నాకు ఒళ్లు మండింది.

"ఏమైందా? సచ్చినయి. అప్పుడు అమ్మకు ఆకు కట్టి సంపినవ్, ఇప్పుడు వీటికి ఆకు వెట్టి సంపినవ్."

అన్నంక నాకే ఇనబుద్ధి గాలే. "సరే బిడ్డా" అన్నడు, పెట్టేసిండు.

తర్వాత మేడంకు చేసిన. చేసేటప్పుడు నిజమే చెప్దామనుకున్న, ప్రమాణంగ. గని "హలో, ఎలా ఉన్నాయమ్మా?" అని ఆమె అడగంగనే నోట్ల నుంచి వచ్చింది వేరు. "కరెంటు చానా సేపు పోయింది మేడం, జనరేటర్ గూడ నడువలే, మూడు పోయినయి" అన్న. బూజు సంగతి చెప్పలే. బయటోన్ని లోపలికి రానిచ్చినందుకు నౌకరి పోతదని ఒక భయం. అంతకంటె, రెండేండ్ల పనిని ఒక ముసలి సాలెయిన ఆకుతోని సంపిండని ఎవ్వరన్న నవ్వుతరని. నేను తిట్టినా సరే గని వేరేటోళ్లు మా నాయినను ఒక్క మాటంటె పడది నాకు.

"నాలుగోది బతికుందా?" అన్నది మేడం. ఉన్నదన్న. "దాన్ని ముట్టుకోకు, నేనొస్తున్నా" అన్నది.

రెండు గంటలల్ల వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిసింది, సన్నటి మనిషి, మొహం ఎర్రగ అయ్యింది. "నోరు తెరిస్తే యాస తెలిసిపోతుందని దారంతా మాట్లాడలేదమ్మా. ఒకావిడ మంచినీళ్లిస్తానంటే కూడా తలూపి వచ్చేశాను" అన్నది. నాకు సిగ్గనిపించింది, ఎందుకో సమజ్ గాలే. అప్పటికి నేను పళ్లెం కడిగి, మూడు ఫ్లాస్కులల్ల బ్లీచ్ పోసి సంచిల కట్టేసిన.

నాలుగోదాన్ని చూసింది. చూసినంక కొంచెం నిమ్మళమైంది. "దీన్ని ఇక్కడ ఉంచొద్దు, ఈ కరెంటుతో కాదు. ఉప్పల్ ల్యాబ్‌లో పెట్టిద్దాం. వాళ్ల ఇంక్యుబేటర్‌లో వాళ్ల కణాలతో పాటు ఉంటుంది" అని ఫోన్ తీసి వాళ్లకు చేసింది. నా ముంగట్నె మాట్లాడింది. "అవునండీ, మూడు పోయాయి. ఇంకేముంది, ఈ సమ్మె. వీళ్ల సమ్మె మా రెండేళ్ల పనిని చంపేసింది. రిపోర్టులో కూడా అదే రాస్తాను, ఎవరి వల్ల పోయిందో తెలియాలి కదా."

అబ్బ, అడకత్తెరల పోకచెక్క అంటరు చూడుండ్రి, గట్లయింది నా పని. నా అబద్ధం నా కండ్ల ముందటనే సమ్మె మీద నిందయి కాయితం మీదికి ఎక్కుతుంది. జీతాలు లేక, పండుగకు పిల్లలకు బట్టలు కొనక రోడ్డు మీద కూసున్న వాళ్ల మీదికి. అది ఒకటి. ఇంకొకటి అంతకన్న ఘోరం. బూజు వడ్డ డబ్బాల నుంచి తీసిన ఫ్లాస్కును మంచి కణాల పక్కన పెట్టబోతున్నరు. మూత మీద ఒక్క కణమంత బూజున్నా వాళ్లయి గూడ పోతయి.

"ఫోన్ పెట్టున్రి మేడం" అన్న. గట్టిగనే అన్న. ఆమె బెదిరి పెట్టేసింది.

"కరెంటు గాదు. బూజు. మా నాయినను నేనే లోపలికి రానిచ్చిన. దసరా అని నీళ్ల పళ్లెంల జమ్మి ఆకు పెట్టిండు, పసుపేసిండు. సమ్మెకు ఏం సంబంధం లేదు. మీరు సమ్మెను అనకున్రి."

మేడం మొహం పాలిపోయింది. కుర్చీల కూసున్నది. "రెండేళ్లమ్మా" అన్నది ఒక్కటే మాట. నేను నిలవడే ఉన్న. తిట్టుతదని చూసిన. తిట్టలే. "పసుపు కూడానా?" అన్నది. అవునన్న. "మా అమ్మ కొత్త మిక్సీకి బొట్టు పెట్టకుండా స్విచ్చెయ్యనివ్వదు" అని నవ్వబోయి ఏడ్సింది. ఆ తర్వాత కండ్లు తుడుసుకొని, "కింద గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నారు. ఆయనేనా?" అన్నది.

కిటికీల నుంచి చూసిన. నాయిన. ఎప్పుడొచ్చిండో ఏమో, గేటు బయట ఎండల నిలవడ్డడు. పిలిస్తె పైకి వచ్చిండు గని గడప దాటలే. రెండు చేతులు ఈపెనుకకు కట్టుకొని నిలవడ్డడు. మేడం పోయి ఆయన ముంగట నిలవడి, డాక్టరు అడిగినట్టు ఒక్కొక్కటి అడిగింది. తలుపు ఎంతసేపు తెరిచి ఉంచారండీ? సీసాలు ముట్టుకున్నారా? పై అరలో ఏమన్నా పెట్టారా? ఊదొత్తి వెలిగించారా? నాయిన నేల చూసుకుంట అన్నిటికి చెప్పిండు. సీసాలు ముట్టుకోలే మేడం. కింద పళ్లెంలనే. ఒక దండం పెట్టుకునే సేపు. ఊదొత్తి తెచ్చిన గని పొగకు వాటికి ఊపిరాడదేమో అని వెలిగియ్యలే.

మేడం నా దిక్కు తిరిగింది. "అయితే పైన ఉన్నది బతకొచ్చు" అన్నది. మళ్ల ఫోన్ చేసింది. "ఇందాక తప్పు చెప్పానండీ. కరెంటు కాదు, ఫంగస్. ఆకు. అవును, చెట్టు ఆకే. మీ కణాల దగ్గర పెట్టొద్దు. పాతది, ఖాళీది ఏదన్నా ఉందా?" మూలకు పడ్డ పాత ఇంక్యుబేటర్ ఒకటున్నదట. నడుస్తదట.

ఇగ తీస్కపోవాలె. గసుంటప్పుడు చేసే పద్ధతి ఒకటున్నది. ఫ్లాస్కును మెడ దాక మీడియంతోని, అదే వాటి తిండి ఉన్న గులాబి నీళ్లతోని, నింపి, గాలి బుడగ లేకుండ మామూలు మూత గట్టిగ బిగిచ్చి, టేపు చుట్టి, స్పిరిట్‌తోని తుడిసి, కవర్ల పెట్టి ఒంటికి కట్టుకునుడు. మన ఒంటి వేడే వాటికి వేడి. చున్నితోని కడుపుకు కట్టుకున్న, పైకెల్లి కుర్త. మేడం వస్తనన్నది గని అప్పటికే ఆమె కాళ్లు బొబ్బలెక్కినయి. "నేనొస్త" అన్నడు నాయిన గడప అవుతలనుంచి. నేను సరే అనలే, వద్దనలే.

చౌరస్తా కాడికి వచ్చేటాళ్లకు రోడ్డు నిండ వంటావార్పు. నడి రోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, డేగిశలల్ల అన్నం ఉడుకుతుంది, మైకుల పాటలు. దాటందే నాగోల్ దిక్కు పోరాదు. వేరే రోజైతె నేను గూడ ఆ గరిట పట్టేదాన్నే. ఇప్పుడు రెండు చేతులు కడుపు మీద పెట్టుకొని, ఎవ్వరి మోచెయ్యి తగులకుండ, మెల్లగ నడుస్తున్న. ఎండ గొడ్తుంది. సల్లవడొద్దని ఒక భయం, ఎక్కువ వేడి కావొద్దని ఇంకో భయం. బియ్యం చెరుగుతున్న ఒక అవ్వ నన్ను చూసి లేసింది. "జరుగుండ్రి, జరుగుండ్రి, పిల్ల కడుపుతోని ఉన్నది" అని కేకేసింది. తొవ్వ ఇడిసిండ్రు. నేను తల వంచుకొని పోతున్న. పోనియ్యి, ఏమన్న అనుకోనియ్యి, దాటితె సాలు అనుకున్న.

"ఎన్నో నెల బిడ్డా?" అన్నది అవ్వ.

నేను నోరు తెరిచే లోపటనే నాయిన నిలవడ్డడు. "కడుపు గాదవ్వా" అన్నడు. "క్యాన్సర్ మందు. ల్యాబులది. బతికున్న కణాలు, ఒంటి వేడికి కట్టుకున్నది. నా తప్పుతోని తతిమ్మయి సచ్చినయి, ఇది ఒక్కటే మిగిలింది. ఉప్పల్ దిక్కు ఇయ్యాలె."

తొవ్వ ఇడిసినోళ్లు మళ్ల దగ్గరికొచ్చిండ్రు. మెడల కండువా ఉన్న ఒకాయన, "ఏ కంపెనీ? ఓనరెవరు?" అన్నడు. "చూపియ్యి. బయటికి తియ్యి" అన్నడు. చెయ్యి ముందటికి చాపిండు.

"చెయ్యి దియ్యి!" అన్న. గొంతు చౌరస్తా అంత ఇనవడ్డది. "ముట్టుకున్నవంటె మర్యాదుండది. సమ్మెల మనుషులు పని బంద్ వెట్టిండ్రు, కణాలు గూడ తినుడు బంద్ వెడ్తయా? నేను తెలంగాణదాన్నే, మొన్న ఇదే రోడ్డు మీద మీతోని కూసున్న. ఓనర్ కోస్తామె, అవును. ఆమె గూడ పొద్దుగాల ఇంత దూరం నడిసే వచ్చింది. తొవ్వ ఇడుస్తవా, ఇడువవా?"

ఆయన చెయ్యి వెనుకకు తీసిండు గని పక్కకు జరుగలే. చుట్టు మనుషులు. కడుపు మీద ఫ్లాస్కు నా ఊపిరికి లేస్తుంది, దిగుతుంది. నీళ్లు కదుల్తె అంటుకున్న కణాలు ఊడుతయేమో అని ఊపిరి బిగవట్టిన. అవ్వ వచ్చి నా కుర్త మీద అరచెయ్యి పెట్టి చూసింది. "ఎచ్చగనే ఉన్నది" అన్నది. కండువా ఆయన దిక్కు తిరిగి, "నీ ఇంట్ల ఎవ్వరికి రాలేదారా గా రోగం?" అన్నది. ఆయన పక్కకు జరిగిండు. జరిగి, ఆయనే ముందటవడి చౌరస్తా అవుతలి దాక మనుషులను జరుపుకుంట వచ్చిండు. నాగోల్ దిక్కు తిరిగినంక మా మొహాలు చూడకుండ వాపస్ పోయిండు.

ఉప్పల్ ల్యాబోళ్లు గేటు కాడికే వచ్చి తీసుకున్నరు. మైక్రోస్కోపు కింద పెట్టిండ్రు. పండుకొనే ఉన్నయి. కొన్ని ఊడినయి, చానా మటుకు ఉన్నయి. పాత ఇంక్యుబేటర్ల పెట్టి, పక్కకు పేరు రాసి, ఎవ్వరు తెరువొద్దని కాయితం అతికిచ్చిండ్రు. తర్వాత వారం దినాలు మేము ఎట్ల గడిపినమో మాకే ఎరుక. బూజు రాలే. కణాలు పెరిగినయి, ఎలుకలకు ఎక్కినయి. కొన్నిటికి గడ్డ తగ్గింది, కొన్నిటికి తగ్గలే. ఎందుకు తగ్గలేదో చూస్తందుకు ఇంకొక ఏడాదికి పైసలిచ్చిండ్రు. రిపోర్టుల మేడం ఆకు సంగతే రాసింది, సమ్మె పేరు రాయలే. మనుషులకైతె ఇయ్యాల్టి దాక మా మందు చేరలే. అదంత తర్వాత ముచ్చట.

ఆ రోజు వాపస్ వచ్చేటప్పుడు పొద్దు వాలుతుంది. తొవ్వ పొడుగున నాయిన నాకంటె నాలుగడుగులు వెనుకనే నడిసిండు. నాగోల్ కాడ ఒక హోటల్ సగం షట్టర్ తెరిచి చాయ్ పోస్తుండె. బెంచి మీద కూసున్నం. పొద్దుగాల ఫోన్ల అన్న మాట మా ఇద్దరి నడుమనే ఉన్నది. దాన్ని ఎట్ల ఎత్తాల్నో నాకు తెలుస్తలేదు.

"బిడ్డా" అన్నడు. "గివి అప్పుడే ఉంటె మీ అమ్మ బతుకుతుండెనా?"

"గివి ఇంక ఎలుకలకే నాయినా. అప్పుడే గాదు, ఇయ్యాల రోగమొచ్చినా అమ్మకు అందకపోతుండె."

తల ఊపిండు. చాయ్ తాగలే. "గది గాదు నేను అడిగేది. నేను ఆ ఆకు కట్టియ్యకుండ మొదలే దవాఖానకు తీస్కపోయి ఉంటె?"

అమ్మ రిపోర్టులు నా కాడనే ఉండె. ఈ పనిల చేరి, గసుంటి కాయితాలు చదువ నేర్సినంక, ఒక రోజు బీరువాల నుంచి తీసి చదివిన. దిల్‌సుఖ్‌నగర్‌ల చిన్న డాక్టరు పసరుకు ముందు రాయించిన మొదటి పరీక్షల గడ్డ ఎంత చిన్నగుండెనో ఉన్నది. నాలుగు నెలల తర్వాత ఏడేడికి పాకిందో పెద్ద దవాఖాన కాయితంల ఉన్నది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తె జవాబు ఎవ్వరు చెప్పనక్కెర లేదు.

"అప్పుడు తీస్కపోయినా బతకకపోతుండె నాయినా" అన్న. "గసుంటి గడ్డ అది. నేను పొద్దుగాల అన్నది కోపంల అన్న."

"నిజమేనా?"

"నాకంటె ఎక్కువ ఎవ్వరికెరుక? గదే పని చేస్తున్న గదా."

నా మొహం దిక్కు చూసిండు. చానా సేపు చూసి, బెంచి మీదనే వంగి, మోకాళ్ల మీద తల పెట్టుకొని, హోటలాయన చూస్తుండంగనే గట్టిగ ఏడ్సిండు. అమ్మ పోయిన రోజు గూడ గట్ల ఏడువలే. నేను ఆయన ఈపు మీద చెయ్యేసి కూసున్న.

తెల్లారి నాయిన పాలకు పోయినప్పుడు ఆ రెండు రిపోర్టులు తీసి, చింపి, బాత్రూంల కాలవెట్టిన.